నిద్రపోయే సమంత: పరాయి భాషా పరీక్ష చరిత్రలో ఒక కల్పిత పాత్ర

మన విమర్శకులు పాత్రల గురించి రాస్తారు, పరీక్షల గురించి రాయరు. పరీక్షల సంగతి విద్యాశాఖ చూసుకుంటుందనీ, వికలాంగుల సంగతి సంక్షేమశాఖ చూసుకుంటుందనీ, మన పని కథలూ కవితలూ మాత్రమేననీ ఒక పనివిభజన మనలో చాలామందికి అలవాటయిపోయింది. నేనిక్కడ చర్చించబోయే పాత్ర ఏ కథలోనూ, ఏ నవలలోనూ లేదు. దాన్ని సృష్టించినవాడు రచయిత కాదు, ఒక విశ్వవిద్యాలయ పాలకుడు. 1995లో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ పాత్ర, 1997లో న్యాయస్థానంలో విచారణకు వచ్చేదాకా రక్తమాంసాలున్న విద్యార్థినిగానే చలామణి అయింది. ఆ పాత్రను సాక్ష్యంగా నిలబెట్టి, పరాయి భాష నేర్వడంలో నిజంగా ఇబ్బంది పడుతున్న విద్యార్థుల హక్కును కాలరాశారు. అందుచేత ఇది సాహిత్య విమర్శకుడు పట్టించుకోవలసిన చరిత్రే.

ముందుగా సమస్య స్వరూపం చెప్పుకోవాలి. వికలాంగులైన విద్యార్థులకు పరీక్షల్లో కల్పించే వెసులుబాట్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, పరీక్ష అదే, రాసే పద్ధతి మాత్రం వేరు: అదనపు సమయం, స్క్రైబు, బ్రెయిలులో గానీ పెద్ద అక్షరాల్లో గానీ ప్రశ్నపత్రం, వేరే గది. రెండవది, ఒక పాఠ్యాంశానికి బదులు మరో పాఠ్యాంశం. మూడవది, పూర్తి మినహాయింపు. చరిత్ర పరీక్షలోనో అర్థశాస్త్ర పరీక్షలోనో మొదటి రకంతోనే చాలావరకు సరిపోతుంది. చూపులేని విద్యార్థికి చరిత్ర ఎంత తెలుసునో కొలవడానికి అతని కళ్ళతో పనిలేదు. భాషా పరీక్ష దగ్గరికి వచ్చేసరికి చిక్కు వస్తుంది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అనే నాలుగింటినే అక్కడ కొలుస్తారు. చదవడంలోనో వినడంలోనో వైకల్యం ఉన్నవారి విషయంలో, కొలవదలచుకున్న శక్తి ఏది, దాన్ని చేరే దారి ఏది అన్న గీత ఎక్కడ గీయాలి? ఆ గీత గీసే అధికారం ఎవరిది? గత యాభై ఏళ్ళ పోరాటమంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఈ హక్కును ఎవరో దయతలచి ఇచ్చారనుకోవడం పొరపాటు. అమెరికా ప్రభుత్వం 1973లో పునరావాస చట్టం చేసింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపరాదని అందులోని 504వ విభాగం చెప్పింది. చట్టమైతే వచ్చింది గానీ, దాన్ని అమలుచేసే నిబంధనల మీద నాలుగేళ్ళపాటు ఎవరూ సంతకం పెట్టలేదు. 1977 ఏప్రిల్‌లో వికలాంగులు దేశమంతటా ప్రభుత్వ కార్యాలయాల ముందు ఆందోళనకు దిగారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా ఒక ప్రభుత్వ భవనంలోకి ప్రవేశించి సుమారు 25 రోజులు అక్కడే బైఠాయించారు. చక్రాల కుర్చీల్లో ఉన్నవారు, చెవిటివారు, చూపులేనివారు, రోజూ మందులూ పరిచర్యా అవసరమైనవారు అందులో ఉన్నారు. లోపలున్న వాళ్ళకు రోజూ భోజనం వండి పంపింది నల్లజాతి విప్లవ సంస్థ బ్లాక్ పాంథర్ పార్టీ. ఆ ఏప్రిల్ 28న మంత్రి జోసెఫ్ కలిఫానో సంతకం పెట్టక తప్పలేదు. పీడిత జనంలో ఒక భాగం పోరాటానికి మరో భాగం అన్నం పెట్టిన ఈ ఘట్టాన్ని విద్యాచరిత్ర పుస్తకాలు చాలావరకు చెప్పకుండానే దాటేస్తాయి.

అట్లా వచ్చిన నిబంధనల్లో ఉన్నత విద్యకు సంబంధించిన భాగం ఉంది. డిగ్రీ పూర్తిచేసే గడువును పొడిగించవచ్చు, తప్పనిసరి పాఠ్యాంశానికి బదులు వేరొకటి అనుమతించవచ్చు, బోధించే తీరును మార్చవచ్చు అని అది చెప్పింది. దానికిచ్చిన వివరణలో ఒక ఉదాహరణ కూడా ఉంది: సంగీత రసాస్వాదన తప్పనిసరి అయినచోట, చెవిటి విద్యార్థి దానికి బదులు చిత్రకళా రసాస్వాదన గానీ సంగీత చరిత్ర గానీ చదవవచ్చు. వినలేని విద్యార్థిని పాట వినలేదని తప్పించడం విద్య కాదన్న ఇంగితజ్ఞానం ఆ ఉదాహరణలో ఉంది.

అయితే పాలక వ్యవస్థ తాను ఇచ్చినదానికి వెంటనే హద్దు కూడా గీసుకుంటుంది. 1979లో అమెరికా సుప్రీంకోర్టు నర్సింగు కోర్సులో సీటు కోరిన ఒక వినికిడి లోపమున్న మహిళ కేసులో, కోర్సు మౌలిక స్వభావాన్ని మార్చవలసిన బాధ్యత విద్యాసంస్థకు లేదని తీర్పు చెప్పింది. అప్పటినుంచి ‘మౌలిక స్వభావం’ అన్న మాట విశ్వవిద్యాలయాల చేతిలో కోటగుమ్మం అయింది. ఏది మౌలికం, ఏది కాదు అన్నది అవే నిర్ణయిస్తాయి. 1991లో మరో కేసులో, డిస్లెక్సియా ఉన్న వైద్య విద్యార్థి విషయంలో, బోస్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ఈ అధికారానికి చిన్న కళ్ళెం వేసింది. సంస్థ ‘మౌలికం’ అని అంటే చాలదు, సంబంధిత అధికారులు ప్రత్యామ్నాయాలను నిజంగా ఆలోచించి, హేతుబద్ధంగా ఒక నిర్ణయానికి వచ్చామని చూపించాలి అన్నది. ఈ కళ్ళెమే తర్వాత బోస్టన్ విశ్వవిద్యాలయానికి తగిలింది.

ఇక పరాయి భాష సంగతి. తెలివైన విద్యార్థుల్లో కొందరు మిగతా అన్నిటిలోనూ రాణిస్తూ పరాయి భాషలో మాత్రమే మళ్ళీ మళ్ళీ తప్పడం పంతుళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. సోమరితనమనీ, పొగరనీ, ఇష్టం లేకపోవడమనీ దానికి పేర్లు పెట్టారు. 1959లో కారల్, సాపన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు భాషలు నేర్చే సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష ఒకటి తయారుచేశారు. ఆ సామర్థ్యం అందరిలో ఒకే తీరుగా ఉండదని దానితో తేలింది. హార్వర్డ్‌లో విద్యార్థులకు మానసిక సలహాదారుగా పనిచేసిన డింక్లేజ్, అక్కడ పరాయి భాషలో తప్పుతున్న ప్రతిభావంతులను గమనించి 1971లో ఒక వ్యాసం ప్రచురించాడు. వాళ్ళలో కొందరి ఇబ్బందులు డిస్లెక్సియా లక్షణాలను పోలి ఉన్నాయన్నది అతని పరిశీలన. 1980ల చివరినుంచి గాన్‌షో, స్పార్క్స్ అనే పరిశోధకులు ఈ విషయాన్ని ముందుకు తీసుకుపోయారు. మాతృభాషలోని ధ్వనులనూ అక్షరాలనూ జతపరచడంలో ఉండే సూక్ష్మమైన బలహీనత, మాతృభాషలో అలవాటు వల్ల కప్పడిపోయి, పరాయి భాష దగ్గర బయటపడుతుందని వాళ్ళు వాదించారు. అదే స్పార్క్స్ 2006లో, పరాయి భాషకు మాత్రమే ప్రత్యేకంగా ఒక ‘వైకల్యం’ ఉందా అని తానే ప్రశ్నించాడు. బలం, బలహీనత అనేవి మెట్లుమెట్లుగా ఉంటాయి, ఇక్కడితో వైకల్యం మొదలని ఒక గోడ కట్టలేము అన్నది అతని ఆలోచన. శాస్త్రం ఇట్లాగే నడుస్తుంది. కానీ కార్యాలయాలకు గోడ కావాలి, ధ్రువపత్రం కావాలి.

ఈ చర్చలో మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1999లో వైడెల్, బటర్‌వర్త్ అనే ఇద్దరు ఒక బాలుడి గురించి రాశారు. ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులకు పుట్టి జపానులో పెరిగిన ఆ బాలుడు జపనీస్ రెండు రకాల లిపుల్లోనూ బాగా చదివేవాడు. ఇంటి భాష అయిన ఇంగ్లీషు చదవడంలో మాత్రం అతనికి తీవ్రమైన డిస్లెక్సియా. అంటే ఇబ్బంది పిల్లవాడిలో మాత్రమే ఉండదు, లిపికీ పిల్లవాడికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది. పలికినట్టే రాసే తెలుగులో గుణింతాలూ ఒత్తులూ దాటుకుంటూ నెట్టుకొచ్చిన పిల్లవాడు, పలుకు ఒకటి, రాత ఒకటి అయిన ఇంగ్లీషు దగ్గర చతికిలపడితే, వాడికి చదువు అబ్బలేదని తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సమంత దగ్గరికి వద్దాం.

బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్, సైన్స్ డిగ్రీ కావాలంటే ఒక పరాయి భాషలో మధ్యమ స్థాయి చేరుకోవాలి. అందుకు నాలుగు సెమిస్టర్ల దాకా చదవాల్సి రావచ్చు. అభ్యసన వైకల్యం ఉన్న విద్యార్థులకోసం అక్కడొక సహాయ కార్యాలయం ఉండేది, దానికి దేశంలో మంచి పేరు ఉండేది. పరీక్షలు చేసి నిర్ధారణ అయినవారిలో కొద్దిమందికి ఆ కార్యాలయం పరాయి భాష బదులు విదేశీ సంస్కృతులకు సంబంధించిన పాఠ్యాంశాలను ఇంగ్లీషులో చదవడానికి అనుమతి ఇస్తూ వచ్చింది. 1995లో ఈ సంగతి జాన్ వెస్ట్‌లింగ్ దృష్టికి వచ్చింది. అప్పటికతను ప్రోవోస్టు, మరుసటి ఏడాది అధ్యక్షుడయ్యాడు. భాషకు బదులు వేరే పాఠ్యాంశం ఇవ్వడాన్ని ఆపించాడు. విద్యార్థుల ఫైళ్ళు తెప్పించుకుని, అభ్యసన వైకల్యాల గురించి ఏ నైపుణ్యమూ లేని తానూ తన సహాయకులూ తిరగేసి, వెసులుబాట్లు నిర్ణయించడం మొదలుపెట్టాడు. మూడేళ్ళు దాటిన నిర్ధారణ పత్రాలు చెల్లవు, మళ్ళీ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఆ పరీక్షలు డబ్బుతో కూడిన పని. సహాయ కార్యాలయంలోని బాధ్యులు ఉద్యోగాలు వదిలి వెళ్ళిపోయారు.

అదే ఏడాది వెస్ట్‌లింగ్ ఒక ప్రసంగంలో సమంత కథ చెప్పాడు. మొదటిరోజు పాఠం కాగానే ఒక విద్యార్థిని బిడియపడుతూనే దర్జాగా తన దగ్గరికి వచ్చి ఉత్తరం ఇచ్చిందట. ఆమెకు విన్నదాన్ని గ్రహించడంలో వైకల్యం ఉందనీ, పాఠాల నోట్సు ఇవ్వాలనీ, ముందు వరుసలో కూర్చోబెట్టాలనీ, పరీక్షకు అదనపు సమయమూ వేరే గదీ ఇవ్వాలనీ అందులో ఉందట. అంతటితో ఆగక, ఆమె తరగతిలో నిద్రపోవచ్చు, నిద్రలో పోయిన పాఠాన్ని తర్వాత చెప్పాలనీ ఉందట. ఆమెకు ‘నిద్రపోయే సమంత’ అని పేరు పెట్టాడు. శ్రోతలు నవ్వుకున్నారు. వికలాంగుల హక్కుల పేరుతో చదువు చెడిపోతోందనడానికి సమంత సాక్ష్యమయింది.

1996లో విద్యార్థులు కోర్టుకు వెళ్ళారు. 1997లో న్యాయమూర్తి ప్యాటీ సారిస్ ఎదుట విచారణ జరిగింది. సమంత అనే విద్యార్థిని లేదనీ, ఆమెను తానే కల్పించాననీ వెస్ట్‌లింగ్ ఒప్పుకోవలసి వచ్చింది. వైకల్యం ఉన్నట్టు నటించి భాషను తప్పించుకున్న విద్యార్థి ఒక్కరినైనా విశ్వవిద్యాలయం చూపలేకపోయింది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన తీర్పు, ఆ నిర్ణయాల వెనుక ఉన్నది ఆలోచన కాదు, తెలిసీతెలియని మూస అభిప్రాయాలని తేల్చింది. ఆరుగురు విద్యార్థులకు కలిపి సుమారు 30 వేల డాలర్ల పరిహారం ఇమ్మన్నది. పరాయి భాష తమ డిగ్రీకి మౌలికమో కాదో ఆచార్యుల సంఘం ద్వారా సక్రమంగా చర్చించి చెప్పమన్నది.

ఇక్కడ ఆగితే ఇది సుఖాంతమయ్యేది. చరిత్ర అక్కడ ఆగలేదు. ఆచార్యుల సంఘం సమావేశమైంది, చర్చించింది, పరాయి భాష తమ విద్యకు మౌలికమేననీ, దానికి ఏ పాఠ్యాంశమూ ప్రత్యామ్నాయం కాదనీ నివేదిక ఇచ్చింది. ఒక సంస్కృతిలోకి లోపలినుంచి ప్రవేశించే దారి భాషేననీ, ఇంగ్లీషులో చెప్పే ఏ పాఠమూ ఆ దారికి సమానం కాదనీ వాదించింది. 1998లో అదే న్యాయమూర్తి ఈ నిర్ణయాన్ని ఆమోదించింది. విద్యార్థులు నిందనుంచి బయటపడ్డారు, ప్రత్యామ్నాయం మాత్రం వాళ్ళకు దక్కలేదు. సరైన పద్ధతిలో ‘కాదు’ అనే హక్కు సంస్థకు మిగిలింది.

ఈ చరిత్రలో సాహిత్య విద్యార్థి గమనించవలసినవి రెండు ఉన్నాయి.

మొదటిది పాత్రకు సంబంధించింది. వాస్తవికత అంటే వివరాలు సరిగా ఉండడం మాత్రమే కాదనీ, ఒక కాలపు పరిస్థితులకు ప్రాతినిధ్యం వహించే పాత్రలను ఆ పరిస్థితుల మధ్యనే నిజంగా చిత్రించడమనీ ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖ ద్వారా మనందరికీ పరిచితమైన సూత్రం. సమంతను ఈ సూత్రంతో కొలిచి చూడండి. ఉత్తరం, ముందు వరుస, వేరే గది, బిడియం: వివరాలన్నీ నమ్మేట్టుగా ఉన్నాయి. నిద్ర ఒక్కటే అతిశయం, అదీ హాస్యం కోసం. కానీ ఆ పాత్ర దేనికి ప్రాతినిధ్యం వహిస్తుంది? విశ్వవిద్యాలయంలోని ఏ విద్యార్థికీ కాదు. ఇచ్చింది ఎక్కడ ఎక్కువైపోతుందోనన్న పాలకుడి భయానికి అది ప్రతినిధి. దళిత విద్యార్థి ‘రిజర్వేషన్ సీటు’ గురించి, ఉపాధి పనికి వచ్చే కూలీ ‘చెట్టుకింద నిద్ర’ గురించి మన ఊళ్ళలో చెప్పుకునే కథలు కూడా ఈ కోవవే. వినిపించేవాడు ఎప్పుడూ తాను చూశానంటాడు. ఎవరిని, ఎక్కడ అంటే పేరు ఉండదు. అధికారం ఉన్నవాడు కథ చెబితే అది నిబంధన అవుతుంది. అధికారం లేనివాడు నిజం చెప్పినా దానికి ధ్రువపత్రం అడుగుతారు, అదీ మూడేళ్ళకొకసారి.

రెండవది మనకు కొంచెం ఇబ్బందికరమైంది. ఆచార్యుల సంఘం వాదంలో నిజం లేదని మనం అనలేం. అనువాదం మూలానికి సమానం కాదని మనం రోజూ అంటూనే ఉంటాం. పరాయి భాష నేర్చుకోవడం మనిషిని విశాలం చేస్తుందని మన అభ్యుదయ సాహిత్యోద్యమమే నిరూపించింది. రష్యన్, ఫ్రెంచి సాహిత్యాలు, అనువాదంలోనైనా సరే, లేకుండా మన ఆధునిక సాహిత్యాన్ని ఊహించలేం. అయితే అదే అనుభవం ఇంకో సంగతి కూడా చెబుతుంది. మనలో గోర్కీని రష్యన్‌లో చదివినవారెందరు? అనువాదాల మీద నిలబడిన ఒక ఉద్యమానికి, అనువాదం ద్వారా చదివినవాడికి డిగ్రీ ఇవ్వరాదనే అర్హత లేదు. మౌలికమైనది సంస్కృతితో పరిచయమా, క్రియారూపాలు తప్పు లేకుండా వల్లించడమా అని అడిగితే, ఆ నివేదిక రాసినవారి సమాధానం ఒకటి, మన సాహిత్య చరిత్ర ఇచ్చే సమాధానం మరొకటి.

భాషా పరీక్ష పేరెత్తితే మన విద్యార్థులకు గుర్తొచ్చేది టోఫెల్. దాని చరిత్రలో ఒక ముద్ర కథ ఉంది. వెసులుబాట్లతో పరీక్ష రాసినవారి మార్కుల పక్కన, ఇవి ప్రత్యేక పరిస్థితుల్లో వచ్చిన మార్కులు అని అర్థమిచ్చే గుర్తు వేసేవారు. పశువుకు వాత పెట్టినట్టు అది విద్యార్థి వెంట ప్రతి విశ్వవిద్యాలయానికీ వెళ్ళేది. చేతులు లేని ఒక విద్యార్థి 1999లో దీనిమీద దావా వేశాడు. మేనేజిమెంటు కోర్సుల ప్రవేశ పరీక్షలో ట్రాక్‌బాల్ వాడుకుని, అదనపు సమయం తీసుకుని అతను సంపాదించిన మార్కుల పక్కన అట్లాంటి గుర్తు వేశారు. 2001లో రాజీ కుదిరి, ఆ పరీక్షతోపాటు జీఆర్ఈ, టోఫెల్ వంటి పరీక్షల్లో అదనపు సమయానికి వేసే ముద్రను ఆ ఏడాది అక్టోబరునుంచి తీసేశారు. చేతులు లేనివాడికి ఎలుకబొమ్మ కదపడానికి ఎక్కువ సమయం పడుతుందని ఒప్పుకోవడానికి కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చిందన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక మన దేశం. సమంత కథ పుట్టిన 1995లోనే మనకు వికలాంగుల చట్టం వచ్చింది. అందులోని 30వ విభాగం వినికిడి లోపమున్న విద్యార్థులు ఒక్క భాషే చదువుకునేట్టుగా పాఠ్యప్రణాళికను మార్చాలన్నది. 31వ విభాగం చూపులేని విద్యార్థులకు విద్యాసంస్థలే స్క్రైబును ఏర్పాటు చేయాలన్నది. కానీ ఆ చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. అభ్యసన వైకల్యం అందులో లేదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చింది, 2007లో భారత్ దాన్ని ధ్రువీకరించింది, తొమ్మిదేళ్ళ తర్వాత 2016లో కొత్త చట్టం వచ్చింది. వైకల్యాల సంఖ్య 21 అయింది, అభ్యసన వైకల్యానికి చోటు దొరికింది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబు, రెండవ మూడవ భాషలనుంచి మినహాయింపు వంటి మార్పులు చేయాలని 17వ విభాగం విస్పష్టంగా చెప్పింది. బోస్టన్ విద్యార్థులు కోర్టులో గెలవలేకపోయినదాన్ని మన చట్టం ఒక్క వాక్యంలో రాసిపెట్టింది. రాసిపెట్టడం వేరు, దక్కడం వేరు.

దక్కడం ఎంత కష్టమో చెప్పడానికి సివిల్ సర్వీసుల పరీక్ష ఉదాహరణ చాలు. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లుపోయే జబ్బున్న ఒక అభ్యర్థి 2018 పరీక్షకు స్క్రైబును అడిగాడు. నిబంధనల్లో ఉన్న వైకల్యాల్లో నీది లేదన్నారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. కొందరు దుర్వినియోగం చేస్తారేమోనన్న అనుమానంతో అందరి హక్కునూ నిరాకరించరాదని చెప్పింది. ఆ తీర్పు ఆదేశించినట్టు 2022 ఆగస్టులో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. అవి సరిగా అమలు కావడం లేదని మరొకరు వెళితే 2025 ఫిబ్రవరిలో మళ్ళీ కోర్టే చెప్పవలసి వచ్చింది. సమంత ఇక్కడ కూడా ఉంది, ఆమెకు పేరు మాత్రం పెట్టలేదు. ‘దుర్వినియోగం’ అనే మాట వెనుక కూర్చుని ఉంది.

స్క్రైబు గురించి నాకు స్వానుభవం ఉంది. డిగ్రీ విద్యార్థిగా ఉన్న రోజుల్లో చూపులేని ఒక ఇంటర్మీడియెట్ కుర్రాడికి ఇంగ్లీషు పరీక్ష రాసిపెట్టాను. ప్రశ్నపత్రంలో ఒక పేజీ పొడుగు పాసేజీ ఉంది. చూపున్నవాడి కన్ను ప్రశ్న చదివి పాసేజీలోకి చటుక్కున వెనక్కు పోగలదు. ఆ కుర్రాడు ప్రతిసారీ ‘అన్నా, ఆ మూడో వాక్యం మళ్ళీ చదువు’ అనాలి. నేను వెతకాలి, చదవాలి. చదివిన ప్రతిసారీ సమయం అతనిదే పోతోంది. మా మాటలు పక్కవాళ్ళకు వినిపిస్తున్నాయని ఇన్విజిలేటరు రెండుసార్లు గదమాయించాడు. వేరే గది లేదు. ఇక స్పెల్లింగు. అతను కష్టమైన మాటలకు అక్షరం అక్షరం చెప్పాడు, కామా ఎక్కడో ఫుల్‌స్టాప్ ఎక్కడో కూడా చెప్పాడు. నాకు తెలిసినదాన్ని అతను తప్పు చెబితే దిద్దాలా, తప్పే రాయాలా? అతను చెప్పింది ఒప్పయి నాకే తెలియకపోతే? ఆ పేపరు దిద్దినవారికి ఇద్దరిలో ఎవరి ఇంగ్లీషుకు మార్కులు వేశారో తెలియదు. అడిగే గడి కూడా ఆ జవాబుపత్రంలో లేదు.

ఈ అనుభవం వెలుగులో స్క్రైబు నిబంధనలు చదివితే వాటి అసలు గురి తెలుస్తుంది. అభ్యర్థి తెచ్చుకునే స్క్రైబు చదువు అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 మార్గదర్శకాలు అన్నాయి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వమని 2013లోనూ 2018లోనూ చెప్పిన మాట న్యాయమైనదే. కానీ స్క్రైబు తక్కువ చదివినవాడై ఉండాలన్న షరతు పుట్టింది అనుమానంలోంచి. గణితంలో దానివల్ల మోసం తగ్గుతుందేమో గానీ, ఇంగ్లీషు సాహిత్యం చదివే చూపులేని ఎం.ఏ. విద్యార్థి పాలిట అది శిక్ష. అతను చెప్పే విమర్శకుల పేర్లు, పారిభాషిక పదాలు స్క్రైబు ఎన్నడూ విని ఉండడు. అతని అజ్ఞానానికి మార్కులు పోయేది ఇతనికి. అందుకే చాలామంది చూపులేని విద్యార్థులు స్క్రైబు వద్దు, కంప్యూటరు ఇవ్వండి, తెరమీది మాటను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఇవ్వండి, మా అక్షరాలు మేమే కొట్టుకుంటాం అంటున్నారు. తన భాష తన వేళ్ళతోనే రాసుకుంటానన్న కోరిక ఇది. రచయితలమైన మనకు దాన్ని వేరే వివరించనక్కర్లేదు.

చివరగా, మినహాయింపు గురించి ఒక హెచ్చరిక అవసరం. మినహాయింపు హక్కే, దానికోసం పోరాడవలసిందే. కానీ అది రెండంచుల కత్తి. ఇంగ్లీషు మనకు పరాయి భాషే అయినా, ఉద్యోగానికీ కోర్టుకూ పై చదువుకూ అదే తాళంచెవి. చెవిటి పిల్లకు ఇంగ్లీషు నుంచి మినహాయింపు ఇచ్చామని బడి చేతులు దులుపుకుంటే, ఆ పిల్లకు సైగల భాషలో ఇంగ్లీషు నేర్పే పంతులు లేడన్న సంగతి మాటున పడిపోతుంది. 1880లో మిలాన్ మహాసభ చెవిటి బడుల్లో సైగల భాషను వెలివేసినప్పటినుంచి చెవిటివారు తమ భాషను భాషగా ఒప్పించడానికే పోరాడుతూ వచ్చారు. 1960లో స్టోకో అమెరికన్ సైగల భాషకు వ్యాకరణం ఉందని శాస్త్రీయంగా చూపాడు. ఆ తర్వాత అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు దాన్నే ‘పరాయి భాష’ నిబంధన కింద లెక్కించడం మొదలుపెట్టాయి. మన జాతీయ సార్వత్రిక విద్యాపీఠం 2021లో భారతీయ సైగల భాషను ఒక భాషా పాఠ్యాంశంగా ప్రవేశపెట్టింది. తనకు లేని భాషనుంచి మినహాయింపు పొందడం ఒక ఎత్తు, తనకున్న భాషకు మార్కులు పొందడం మరో ఎత్తు. రెండవదే ముందుకు పోయే దారి.

డిస్లెక్సియా విషయంలోనూ అంతే. ధ్వనినీ అక్షరాన్నీ ముక్కలుగా విడదీసి, చూపించి, పలికించి, చేత్తో రాయించి క్రమపద్ధతిలో నేర్పితే అలాంటి విద్యార్థుల్లో అనేకులు పరాయి భాషలో ముందుకు పోగలరని గాన్‌షో, స్పార్క్స్ అధ్యయనాలే చూపాయి. అటువంటి బోధనకు చిన్న తరగతి కావాలి, శిక్షణ పొందిన పంతులు కావాలి, డబ్బు కావాలి. మినహాయింపు పత్రానికి ఇవేవీ అక్కర్లేదు. కాబట్టి ఖర్చులేని హక్కును ఇచ్చి ఖర్చయ్యే హక్కును దాచిపెట్టడం పాలకులకు సులువు. ఈ పత్రమైనా ఎవరికి అందుతోంది? నగరంలో మనస్తత్వ నిపుణుడి దగ్గరికి పోయి పరీక్ష చేయించగల ఇంటి పిల్లకు అందుతుంది. పల్లె బడిలో ‘మొద్దు’ అన్న పేరుతోనే పదో తరగతి తప్పి పత్తిచేలోకి వెళ్ళిన పిల్లకు, తనకు ఏ వైకల్యం ఉందో దానికి ఏ విభాగం ఉందో ఎవరూ చెప్పరు.

మినహాయింపు కోరాలో, బోధన కోరాలో నిర్ణయించవలసింది విద్యార్థి, అతని కుటుంబం. బడి సౌకర్యం చూసుకుని నిర్ణయించరాదు. రెండూ కూడా అందుబాటులో ఉంచడం ప్రభుత్వ బాధ్యత. వికలాంగులను ‘దివ్యాంగులు’ అని పిలిచి చేతులు జోడించినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు.

మన సంఘ సభ్యుల్లో అధ్యాపకులు ఎందరో ఉన్నారు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారూ, జవాబుపత్రాలు దిద్దేవారూ, ఇన్విజిలేటర్లుగా కూర్చునేవారూ వాళ్ళే. ‘ఇది మౌలికం’ అని కమిటీల్లో చేయి ఎత్తేవారూ వాళ్ళే. వచ్చే మార్చిలో స్క్రైబుతో వచ్చిన కుర్రాడికి వేరే గది ఇప్పించడానికి ఏ సిద్ధాంత చర్చా అక్కర్లేదు. ఇక కథకులు చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంది. పాలకుడు కల్పించిన సమంతకు పేరుంది, ఉత్తరముంది, చమత్కారముంది, ప్రపంచమంతా ఆమెను తలచుకుని నవ్వింది. ఆమె పేరుతో హక్కు పోగొట్టుకున్న పిల్లలమీద మన భాషలో కథలు రావలసి ఉంది.